బడిలో తెర బాగోగులు చూసేదెవరు?

లెక్కల మాస్టారు ఐఎఫ్‌పీ అనే పెద్ద టచ్ తెర మీద శంకువు గీసి, వేలితో అటూ ఇటూ తిప్పి, నిలువునా కోసి చూపిస్తారు. వెనక బెంచీ పిల్లలు లేచి ముందుకొస్తారు. నల్లబల్ల మీద అరగంట చెప్పినా బుర్రకెక్కని ఏటవాలు ఎత్తు రెండు నిమిషాల్లో అర్థమైపోతుంది. ఊరు దాటి వెళ్తే మరో హైస్కూల్లో అదే తెర మీద పాత దుప్పటి కప్పి ఉంటుంది. టచ్ పోయింది, పెన్ను ఎక్కడో పడిపోయింది, ఫిర్యాదు రాసి నెలలైంది. పై అధికారుల లెక్కలో మాత్రం రెండూ డిజిటల్ బడులే.

మా అభ్యంతరం ఈ లెక్క మీదే. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇచ్చారు. నాడు-నేడు పథకం కింద బాగుచేసిన బడుల్లో 30 వేలకు పైగా గదుల్లో పెద్ద తెరలు బిగించారు. పేద పిల్లల చేతికి మంచి వస్తువు అందడం సంతోషమే, అందులో మాకు రెండో మాట లేదు. అయితే ఎన్ని ఇచ్చామన్న అంకె ఉన్నంత గట్టిగా, వాటితో ఎన్ని పాఠాలు జరిగాయన్న అంకె ఎక్కడా కనిపించదు. కేంద్రం ఏటా బడుల నుంచి సేకరించే యూడైస్ లెక్కల ప్రకారం 2024-25లో దేశంలోని 64.7 శాతం బడుల్లో కంప్యూటర్ సౌకర్యం, 63.5 శాతం బడుల్లో ఇంటర్నెట్ ఉన్నాయి. ఆ కంప్యూటర్ ముందు ఈ వారం ఏ తరగతి ఎన్ని పీరియడ్లు కూర్చుందో ఆ శాతాలు చెప్పవు.

చెడిపోతే ఎవరి జేబు? సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద 251 నుంచి వెయ్యి మంది పిల్లలున్న బడికి ఏడాదికి వచ్చే కాంపొజిట్ గ్రాంటు 75 వేలు. 31 నుంచి వంద మంది ఉంటే 25 వేలు. సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు బిల్లు, చీపుర్లు, కుళాయి రిపేరు, నెట్ రీచార్జి అన్నీ అందులోనే సర్దుకోవాలి. ఇక తెర లోపలి సర్క్యూట్ బోర్డు కాలిపోతే హెడ్మాస్టరు ఏం చేస్తారు? దుప్పటి కప్పుతారు. పోతే జవాబు చెప్పాల్సింది తానే కాబట్టి ట్యాబ్‌లు బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ఆ భయాన్ని తప్పుపట్టలేం.

కేరళ ఈ పనిని మరోలా చేసింది. అక్కడ బడుల్లో కంప్యూటర్ చదువు కోసం ఐటీ ఎట్ స్కూల్ అనే కార్యక్రమం 2001లోనే మొదలైంది. తర్వాత 45 వేల తరగతి గదులను హైటెక్ చేసినప్పుడు పరికరాలకు ఐదేళ్ల వారంటీ రాయించుకున్నారు, ఫిర్యాదులకు కాల్ సెంటర్ పెట్టారు. లైసెన్సు రుసుముల బెడద లేకుండా ఉచిత సాఫ్ట్‌వేర్ వాడారు. 2018లో వచ్చిన లిటిల్ కైట్స్ అనే బడి ఐటీ క్లబ్బుల్లో పిల్లలే పరికరాల సంరక్షణ నేర్చుకుంటున్నారు. తొమ్మిదో తరగతి అమ్మాయి కేబుల్ ఊడదీసి బిగించగలిగితే చిన్నచిన్న ఇబ్బందులకు టెక్నీషియన్ కోసం ఎదురుచూడక్కర్లేదు. మన పిల్లలు అంతకు తీసిపోయారా?

టీచర్ల సంగతి ఇంకా ముఖ్యం. బడిలో టెక్నాలజీ అనగానే ఇవాళ టీచరుకు గుర్తొచ్చేది పాఠం కన్నా ముందు యాప్. ముఖ హాజరు, మధ్యాహ్న భోజనం వివరాలు. సిగ్నల్ కోసం ఫోన్ పట్టుకుని ప్రహరీ దాకా నడిచే మనిషికి వీడియో పాఠం సిద్ధం చేసుకునే తీరిక ఎక్కడిది? ముందు ఈ టెన్షన్ తగ్గించాలి.

వస్తువు ఇస్తే చదువు దానంతటదే వస్తుందన్న నమ్మకాన్ని పెరూ ఎప్పుడో పరీక్షించింది. పిల్లలకు లాప్‌టాప్‌లు పంచినా లెక్కల్లో, చదవడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదని అధ్యయనం తేల్చింది. ఢిల్లీలో ఒక్కో పిల్లవాడి స్థాయిని పట్టుకుని, అక్కడి నుంచి ప్రశ్నలిచ్చే సాఫ్ట్‌వేర్‌తో నేర్పినప్పుడు లెక్కలూ హిందీ రెండూ స్పష్టంగా మెరుగుపడ్డాయని 2019లో అచ్చైన పరిశోధన చూపింది. ఏడో తరగతిలో ఉండి భాగహారం రాని పిల్లలకు కావాల్సింది అలాంటి సాయం.

జూన్‌లో బడులు తెరిచేలోపు ప్రతి బడిలో తెరలను, ట్యాబ్‌లను స్విచ్ వేసి చూడాలి. మండలానికో టెక్నీషియన్ ఉండాలి. రిపేరు డబ్బు కాంపొజిట్ గ్రాంటుతో ముడిపెట్టకుండా విడిగా రావాలి. ఏ గదిలో ఎన్ని పీరియడ్లు తెర మీద పాఠం జరిగింది, ఏ ఫిర్యాదు ఎన్ని రోజులకు తీరింది అన్నది నెలనెలా నోటీసు బోర్డు మీద అంటించాలి. తల్లిదండ్రుల సమావేశానికి వచ్చిన అమ్మానాన్నలను ఆ గదికి తీసుకెళ్లి, వాళ్ల పిల్లల చేతే తెర ఆన్ చేయించి చూపించాలి.