ఐదు సెంట్ల ఖాళీ స్థలం గారికి

భీమవరం శివారు,
బోదె (చిన్న పంట కాలువ) గట్టు పక్కన.

మహారాజశ్రీ ఖాళీ స్థలం గారికి,

తమరు మూడు చేతులు మారారు, రేటు పెరిగింది, గడ్డపార మాత్రం పడలేదు. నాలుగు మూలలా హద్దు రాళ్లు, నడుమ మోకాలి లోతు నీళ్లు, పైన గుర్రపు డెక్క. ‘ఈ స్థలం అమ్మకానికి లేదు’ అని బోర్డొకటి. కొనేందుకు ఆ నీళ్లలో దిగేదెవరో!

పక్కాయన నాలుగడుగులు మెరక చేసుకున్నాడు, అతని వాన నీళ్లు తమరి నెత్తిన పడ్డాయి. తమర్నీ అంత ఎత్తు లేపాలంటే 242 గజాలకు 8,712 ఘనపుటడుగుల మట్టి కావాలి. ట్రక్కుకు నూరడుగుల చొప్పున 87 ట్రక్కులు, అణిగేదానికి ఇంకొన్ని. అప్పుడా నీళ్లు అవతలి ప్లాటుకు పోతాయి. అందరూ ఇలాగే లేస్తే చివరికి రోడ్డే బోదె.

జపాన్‌లో ఇలాంటి చోట అందరి స్థలాలూ కలిపి, హద్దులన్నీ చెరిపి మళ్లీ గీస్తారు. 1954 నుంచి దానికో చట్టమే ఉంది. యజమానులే సంఘంగా ఏర్పడి చేస్తే వాళ్లలో మూడింట రెండొంతుల మంది, భూమిలోనూ అంతే వాటా ఒప్పుకోవాలి. ఊళ్ల లోపల చిల్లులు పడ్డట్టు ఖాళీ స్థలాలు పెరగడంతో, వాటిని ఒకచోటికి చేర్చే వీలు 2018లో కల్పించారు. గుజరాత్‌లో టౌన్ ప్లానింగ్ స్కీములదీ ఇదే దారి.

ఇక్కడా అలా చేస్తే? తమరితో కలిపి పదెకరాలనుకుందాం, వెయ్యి సెంట్లు. రోడ్లకు, డ్రెయిన్‌కు, పార్కుకు 30 శాతం, ఖర్చు రాబట్టే అమ్మకపు ప్లాట్లకు 5 శాతం తీస్తే తమరు 157 గజాలవుతారు. కానీ ముందు రోడ్డు, పక్కన పారే డ్రెయిను. తమరి యజమానికి పోయిన 85 గజాలే కనబడతాయి. ఇప్పుడు 242 గజాలూ నీళ్లలోనే ఉన్నాయన్నది కనబడదు.

చిక్కులు లేవని కాదు. రెండు సెంట్ల ప్లాటు 63 గజాలకు దిగితే ఇల్లు పట్టదు, కోతకు బదులు డబ్బు కట్టించుకోవాలి. కట్టిన ఇళ్లను కదపలేం, వాళ్ల వాటా కూడా డబ్బే. రోడ్డు పక్క స్థలానికీ బోదె పక్క స్థలానికీ ఒకే కోత పెడితే గొడవే, అందుకే ముందు విలువ, తర్వాత విలువ రెండూ కట్టాలి. అసలు తంటా కొలతలో ఉంది. పూడ్చిన బోదెను కూడా ప్లాట్లలో కలిపి అమ్మి ఉంటే దస్తావేజులు కూడితే వెయ్యి, గొలుసు లాగితే తొమ్మిది వందల డెబ్బై. ఆ ముప్పై సెంట్లు ఎవరి నెత్తిన రుద్దాలో తేలకుండా కొత్త పటం గీస్తే అది కోర్టుకే పోతుంది. అదీ తేలాక అందరికీ తూర్పు ముఖమే కావాలి!

సర్వేయరు వచ్చిన రోజు తమరు చేయాల్సింది ఒక్కటే. ఆగ్నేయం రాయి గుర్రపు డెక్క కింద మునిగి ఉంది. కాస్త పైకి చూపించండి.

ఇట్లు,
తమరి నీళ్లు తొక్కుకుంటూ తిరిగే వీధివాళ్లు