వేలం పాట మధ్యలో ఆపమని అడగడం తప్పే

పాత నాణేలు, స్టాంపులు, పోస్టుకార్డులు సేకరించే మావాళ్ళ మధ్య ఈమధ్య ఒక వాట్సాప్ సందేశం తెగ తిరుగుతోంది. విశాఖలోనే నాకు ఏడుగురు పంపారు. సారాంశం ఇది: ‘ఆన్‌లైన్ వేలంలో మంచి వస్తువు కనబడితే గడువు దాకా ఆగకండి. ఇంత ఇస్తాను, వేలం ఆపేసి నాకిచ్చేయండి అని అమ్మేవారికి మెసేజ్ పెట్టండి. అడిగితే పోయేదేముంది? వస్తువు వాళ్ళది, ఇష్టం వాళ్ళది. కనబడుతున్న ధర కంటే వాళ్ళకీ ఎక్కువే వస్తుంది. చట్టం కాదనదు. చివరి సెకన్ల టెన్షన్ ఉండదు. అందరూ చేస్తున్నదే.’

విడివిడిగా చూస్తే ప్రతి మాటా సబబుగానే వినబడుతుంది. కొత్తగా ఈ సరదాలోకి వచ్చిన పిల్లలు నమ్మేస్తున్నారు కూడా. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

‘అడిగితే పోయేదేముంది?’ అడిగినవాడికి ఏమీ పోదు, నిజమే. పోయేది ఆ సమయానికి అక్కడ లేనివాళ్ళది.

తెల్లవారుజామున ఎప్పుడైనా మన ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి చూడండి. బోటు దించిన వంజరాలు నేల మీద కుప్ప పోస్తారు. చుట్టూ గంపలు పట్టుకున్న ఆడవాళ్ళు, ఐసు పెట్టెలతో వచ్చిన వ్యాపారులు మూగుతారు. కాళ్ళ కింద చేపల నీళ్ళు కారుతుంటాయి. పాట మొదలవుతుంది. ఒకరు పెంచితే ఇంకొకరు తల ఊపుతారు, మరొకరు చెయ్యెత్తుతారు. సరిగ్గా అప్పుడు ఎవరో ఒకాయన పాట పాడించేవాడి చెవిలో ఏదో చెప్పి కుప్ప మొత్తం ఎత్తుకుపోతే ఊరుకుంటారా? ‘ఏటిది? మేం పాడతన్నాం, కనబడ్లేదేటి?’ అని గంపలు కింద పెట్టి నిలదీస్తారు. ఆ నిలదీయడంలో న్యాయం ఉందని ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు.

ఆన్‌లైన్‌లో జరిగేదీ ఇదే. కాకపోతే నిలదీయాల్సిన మనిషికి ఏం జరిగిందో తెలియదు. ‘ఈ వేలం ముగిసింది’ అన్న ఒక్క వాక్యం కనబడుతుంది, అంతే. నాకు అలా పోయిన పోస్టుకార్డు ఒకటి ఇప్పటికీ కళ్ళలో మెదులుతుంది. ఎక్కడపడితే అక్కడ దొరికే రకం కాదు. సముద్రం వైపు నుంచి తీసిన యారాడ కొండ ఫొటో, కింద ఇంగ్లీషువాళ్ళ స్పెల్లింగులో ‘విజగపటం’, వెనక ఏడో ఎడ్వర్డు బొమ్మతో ఎర్ర అణా స్టాంపు, సగం చెరిగిన వాల్తేరు పోస్టాఫీసు ముద్ర. ఇంగ్లండులో ఎవరో ఈబే అనే ఆన్‌లైన్ వేలం సైటులో పెట్టారు. 2018 ఆగస్టులో ఈబే ఇండియా సైటు మూతపడ్డాక నాలాంటివాళ్ళు విదేశీ సైటులోనే వెతుక్కుంటున్నాం. ఆ కార్డు కోసం ఐదు రోజులు ఆగాను, నేను పెట్టగలిగినంతా పెట్టాను. ఇంకా రెండు రోజులుందనగా వేలం మాయమైంది. ఎందుకని అడిగితే, ‘ఒకరు నేరుగా కొనుక్కున్నారు, సారీ’ అని జవాబు వచ్చింది. వేలంలో ఓడిపోయి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. చివరిదాకా పాడే అవకాశమే లేకుండా పోయింది.

‘వస్తువు వాళ్ళది, ఇష్టం వాళ్ళది.’ పాట మొదలుకాక ముందు వరకు ముమ్మాటికీ వాళ్ళ ఇష్టమే. వేలానికి పెట్టకుండా నేరుగా అమ్ముకోవచ్చు, ఇంట్లోనే ఉంచుకోవచ్చు. పాట మొదలైందంటే మాట ఇచ్చినట్టే: ఫలానా రోజు, ఫలానా వేళ దాకా ఎవరు ఎక్కువ పాడితే వాళ్ళది. ఆ మాట నమ్మే కదా జనం బిడ్ వేసేది. బిడ్ వేసినవాళ్ళని ఈబే ఇష్టం వచ్చినట్టు వెనక్కి తగ్గనివ్వదు. అంకె పొరపాటున పడిందనో, వస్తువు వివరణ బాగా మారిపోయిందనో, అలాంటి ఒకటి రెండు కారణాలుంటేనే బిడ్ వెనక్కి తీసుకోనిస్తుంది. కొనేవాళ్ళని ఇంతగా కట్టేసి, అమ్మేవారు మాత్రం మెసేజ్ రాగానే లేచిపోవచ్చంటే అది ఏ ధర్మం?

వినాయక చవితి పందిట్లో లడ్డూ వేలం అందరికీ తెలిసిందే. మైకులో పాట సాగుతుండగా ఎవరైనా కమిటీ పెద్ద జేబులో డబ్బు పెట్టి లడ్డూ పట్టుకెళ్ళిపోతే, ఆ కమిటీకి వచ్చే ఏడాది చందా ఇచ్చేవాళ్ళుంటారా?

ఇక అసలు మాట. ‘అమ్మేవారికీ ఎక్కువే వస్తుంది’ అంటారే, ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. అడిగేవాళ్ళు కూడా నిజంగానే మేలు చేస్తున్నామనుకుంటారు.

దొండపర్తిలో మా వీధి చివర ఒక రిటైర్డ్ టీచరమ్మగారు ఉన్నారు. ఆవిడ భర్త రైల్వేలో పనిచేసేవారు, హైదరాబాదు సంస్థానం స్టాంపులు ఇష్టంగా సేకరించారు. ఆయన పోయాక ఆల్బమ్‌లు ఇనప్పెట్టెలో ఉంచితే చెమ్మ పడుతోందని, మొదటి ఆల్బమ్ మన దేశపు వేలం సైటు ఒకదాంట్లో మేనల్లుడి చేత పెట్టించారు. 500 రూపాయలతో మొదలైంది. మూడు రోజులకి 1,850 చూపిస్తోంది, ఇంకా నాలుగు రోజుల గడువుంది. అప్పుడొక మెసేజ్ వచ్చింది: ‘అమ్మా, 3,000 ఇస్తాను, ఇప్పుడే పంపిస్తాను, వేలం ఆపేయండి.’ ఆవిడ ఆపేశారు. మర్నాడు అంతకుముందు పాడిన ఒకాయన రాశారు: ‘ఎందుకు తీసేశారమ్మా? నేను 7,000 దాకా పెట్టి ఉంచాను.’

ఆ మెసేజ్ ఫోన్‌లో నాకు చూపిస్తూ ఆవిడ అన్న మాట మరిచిపోలేను. ‘అంత మర్యాదగా అడిగాడు బాబూ. కాదనడానికి మొహమాటం వేసింది.’

7,000 పెట్టినాయన ఉండగా 1,850 ఎందుకు చూపించింది? ఇలాంటి సైట్లలో మీరు గరిష్ఠంగా ఎంత ఇవ్వగలరో చెప్పి ఉంచితే, సైటు మీ తరఫున అవసరమైనంత మేరకే పెంచుతుంది. ఈబేలో ఒకరి గరిష్ఠం 60 డాలర్లు, రెండోవారిది 22 డాలర్లు అనుకుందాం. తెర మీద కనబడేది 22.50. మీరొచ్చి 40 ఇస్తాను, ఆపేయండి అంటే అమ్మేవారికి అది దాదాపు రెట్టింపులా కనబడుతుంది. నిజానికి వెనక అరవై కూర్చుని ఉంది. ఆఖరి రోజున ఇంకొకరు 55 వేస్తే ధర 56 అవుతుంది. అంటే తెర మీది అంకె రెండో మనిషి ఎక్కడ ఆగాడో చెబుతుంది తప్ప వస్తువు విలువ చెప్పదు. ఇదేమీ ఇంటర్నెట్‌తో పుట్టిన పద్ధతి కూడా కాదు. పోస్టులో బిడ్లు తీసుకునే స్టాంపుల వ్యాపారులు కొందరు పంతొమ్మిదో శతాబ్దం చివర్లోనే, ఎక్కువ పాడినవారికే ఇచ్చి, రెండోవారి ధరే తీసుకునేవారు. మా స్టాంపులవాళ్ళకే ఇది తెలియకపోతే ఎలా?

పైగా ఈబేలో అసలు పోటీ చివర్లోనే వస్తుంది. ఆల్విన్ రోత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ అనే ఆర్థికవేత్తలు 2002లో అచ్చువేసిన పరిశోధనలో దీన్నే చూపించారు. గడువు కచ్చితంగా ముగిసిపోయే ఈబేలో జనం ఆఖరి నిమిషాల దాకా ఆగి బిడ్ వేసేవారు. చివర్లో బిడ్ పడితే గడువు పొడిగించే, అప్పట్లో అమెజాన్ నడిపిన వేలాల్లో ఆ ఆరాటం బాగా తక్కువగా ఉండేది. కాబట్టి నాలుగు రోజుల ముందు కనబడే ధరని చూసి, అంతకంటే ఎక్కువిస్తున్నాను కదా అనడం ఉడకని అన్నానికి వెల కట్టడమే.

టీచరమ్మగారికి 7,000 కచ్చితంగా వచ్చేదని నేననను. రెండోవారు ఎంతవరకు వస్తే అంతే వచ్చేది. కానీ ఆ మెసేజ్ పెట్టిన మనిషికి ఆ ఆల్బమ్‌లో ఏముందో తెలుసు. ఆవిడకి తెలియదు. తెలిసినవాడు తెలియనివాళ్ళని తొందరపెట్టడాన్ని ‘ఇద్దరికీ లాభం’ అని పిలుస్తున్నారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. తెలియనితనాన్నీ మొహమాటాన్నీ కలిపి బేరం చేసుకోవడం అది.

‘చట్టం కాదనదు.’ ఇందులో కొంత నిజముంది, ఒప్పుకుంటాను. మన 1930 నాటి వస్తు విక్రయ చట్టం 64వ సెక్షన్ ప్రకారం సుత్తి దెబ్బ పడ్డాకే, లేదా వాడుకలో ఉన్న మరో పద్ధతిలో ముగింపు చెప్పాకే అమ్మకం పూర్తయినట్టు. ఈలోగా పాడినవాడు పాట వెనక్కి తీసుకోవచ్చు. కానీ మీరు వేలం వేసేది ఒక సైటులో. దాని షరతులకి ఒప్పుకునే లోపలికి వచ్చారు. గడువుకి 12 గంటల లోపు ఉండి బిడ్లు పడి ఉంటే, వాటిని రద్దు చేసి వస్తువు ఎత్తేయడానికి ఈబే ఒప్పుకోదు. అంతకుముందు ఆపినా అమ్మేవారి మీద రుసుము పడవచ్చు. సైటులో పరిచయమై బయట అమ్ముకోవడం, కొనడం, అలా అడగడం కూడా నిషేధమే. అడిగినవాడి ఖాతాకే ఎసరు రావచ్చు. ఇక సైటు బయట డబ్బు పంపితే సైటు ఇచ్చే రక్షణ ఏదీ వర్తించదు. యూపీఐలో మీ చేతులతో మీరే పంపిన డబ్బు బటన్ నొక్కితే వెనక్కి రాదు. వస్తువు రాకపోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి కూర్చోవాలి.

‘చివరి సెకన్ల టెన్షన్.’ టెన్షన్ వద్దనుకుంటే మీరు ఇవ్వగలిగిన గరిష్ఠం పెట్టి పడుకోండి. మిగతాది సైటు చూసుకుంటుంది. ‘అందరూ చేస్తున్నదే’ అన్నదానికి జవాబు అనవసరం.

అలాగని అసలేమీ అడగకూడదని కాదు. ఒక్క బిడ్ కూడా పడకముందు, సైటు మెసేజ్‌లోనే, ఒక్కసారి అడగడంలో తప్పులేదు. నేను ఇలా రాస్తాను: ‘నమస్తే అండీ, ఈ కార్డు మా ఊరిది. ఇంకా ఎవరూ బిడ్ వేయలేదు కాబట్టి అడుగుతున్నాను. నేరుగా కొనుక్కునే ధర ఏదైనా పెట్టే ఉద్దేశం ఉందా? లేకపోతే వేలంలోనే పాల్గొంటాను.’ ధర పెడితే అది సైటులో అందరికీ కనబడుతుంది, ఎవరైనా కొనుక్కోవచ్చు. జవాబు రాకపోతే మళ్ళీ అడగను. బిడ్ పడిందా, ఇక ఆ మాటే ఎత్తను. అమ్మేవారు తమంతట తాము ఆపాల్సిన సందర్భాలు వేరు. వస్తువు విరిగిపోయింది, పోయింది, వివరణలో పెద్ద తప్పు దొర్లింది అంటే ఆపాల్సిందే, పాడినవాళ్ళకి కారణం చెప్పాల్సిందే.

అమ్మేవాళ్ళ చేతిలోనూ ఒకటుంది. అలాంటి మెసేజ్ వస్తే మొహమాటపడకుండా ఒక్క ముక్క రాయండి: ‘అంత ఇష్టమైతే ఆ ధరే బిడ్‌గా వేయండి.’ నిజంగా కావాలనుకున్నవాళ్ళు వేస్తారు.

టీచరమ్మగారి దగ్గర ఇంకా మూడు ఆల్బమ్‌లున్నాయి. వాటిని పెట్టడంలో ఈసారి నేను సాయపడుతున్నాను, కాబట్టి నేను పాడను. మొన్న ఆదివారం ఆవిడ భూతద్దం పట్టుకుని ఒక్కో పేజీ చూపిస్తుంటే స్టాంపులన్నీ రాసుకున్నాం, చిరిగిన అంచులతో సహా. వివరణలో మొదటి వాక్యం ఆవిడే చెప్పి రాయించారు: ‘ఈ వేలం గడువుకి ముందు ఆపబడదు, దయచేసి అడగవద్దు.’