షేర్డ్ మెమరీ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ షేర్డ్ మెమరీ గారి సముఖమునకు,

విజయనగరం గంటస్తంభం దగ్గర బట్టల కొట్టుకి బిల్లింగ్ ప్రోగ్రాములు రాసుకు బతికేవాడు చేసుకునే మనవి.

ఒక ప్రోగ్రాము రాసింది ఇంకో ప్రోగ్రాము చదువుకునేలా రెండూ పంచుకునే ర్యామ్ ముక్క మీరు. మీ వేగానికి వంక పెట్టలేం. ప్రోగ్రాము నించి ప్రోగ్రాముకి డేటా మోసే పైపులో పంపితే ప్రతి బైటూ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయైన కెర్నెల్లోకి ఒకసారి, బయటికి ఇంకోసారి కాపీ అవ్వాలి. మీ దగ్గర ఆ బాధ లేదు. ఒకే ర్యామ్ పేజీని, నడుస్తున్న రెండు ప్రోగ్రాముల, అంటే ప్రాసెస్‌ల పేజీ టేబుళ్లలోనూ (ఏ అడ్రసు ర్యామ్‌లో ఎక్కడుందో చెప్పే పట్టీలు) చూపించేసి కెర్నెల్ చేతులు దులిపేసుకుంటుంది. అంటే మీ వేగమంతా మీరు ఏ పనీ చెయ్యకపోవడంలోనే ఉందండీ. తాళాలు, కాపలా మా నెత్తిన.

పైడితల్లి పండగ బేరాల్లో ఏం చేశారు? కౌంటర్ ప్రోగ్రాము కొత్త బిల్లుకి పేరు రాసింది, మొత్తం ఇంకా రాయలేదు. ఆ సందులో ప్రింటర్ ప్రోగ్రాము చదివేసింది. రెండు జేబురుమాళ్లు కొన్న ఆవిడకి, అంతకుముందు పెళ్లివారు కొన్న పట్టుచీరల లెక్క పడింది. "ఏటి నాయనా, కొట్టంతా నాకే అమ్మేసేరేటి?" అందావిడ. మీరు కిక్కురుమనలేదు. ఒకరు వాడుతుంటే ఇంకొకరిని ఆపే సెమఫోర్ అనే తాళం పెట్టాం. దాన్ని పట్టుకున్న ప్రోగ్రామే గుటుక్కుమంటే మిగతావన్నీ నిలబడిపోయాయి. అలాంటప్పటికి పోయిన ప్రోగ్రాము పట్టిన తాళాన్ని కెర్నెల్ చేత విడిపించే సెమ్ అండూ అని ఒక జెండా (ఫ్లాగ్) ఉందిట, అదీ మేమే ఎగరెయ్యాలి.

మీలో పాయింటర్ (ఫలానా డేటా ఉన్న అడ్రసు) దాచుకుందామంటే అదో తంటా. మీరు ఒక్కో ప్రాసెస్‌కి ఒక్కో అడ్రసులో దర్శనమిస్తారు. మా ఊరి మూడు లాంతర్ల దగ్గర నిలబడి "ఎడం పక్క సందు" అంటే, శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్లో ఉన్నవాడు ఎటు పోతాడండీ? అందుకే మీ మొదటి బైటు నించీ ఎన్ని బైట్ల దూరమో లెక్క రాసుకుంటున్నాం.

ఇక మీ ఆయుర్దాయం. ప్రోగ్రాములు పోయినా మీరు పోరు. మీ జాబితా చూపే ఐపీసీఎస్ కమాండు కొడితే, మిమ్మల్ని ఎన్ని ప్రోగ్రాములు పట్టుకున్నాయో చెప్పే ఎన్‌అటాచ్ గడిలో సున్నా. పలకరించే నాథుడు లేకపోయినా ర్యామ్‌లో కాలుమీద కాలేసుక్కూచున్నారు. తీసెయ్యమని చెప్పినా, ఒక్కడు పట్టుకుని వేలాడుతుంటే చాలు, 'డెస్ట్' (కూల్చివేతకి గుర్తుపెట్టింది) అని బోర్డు తగిలించుకుని వాడు వదిలేదాకా కాపురం చేస్తారు. 1983 నాటి సిస్టమ్ ఫైవ్ యునిక్స్ మర్యాదలు గదా! మీ తర్వాత పోసిక్స్ ప్రమాణంలో పుట్టిన తమ్ముడు కాస్త నయం, లైనక్స్‌లో డెవ్ ఎస్‌హెచ్ఎం ఫోల్డర్లో ఫైల్లా కనపడతాడు. అన్‌లింక్ చేసి పేరు చెరపకపోతే రీబూట్ దాకా అతనూ కదలడనుకోండి.

ఆదివారం కొట్టు కట్టేశాక మిమ్మల్ని తీసేసే ఐపీసీఆర్ఎం కమాండు పట్టుకుని వస్తున్నాను. ఎవరైనా అటాచ్ అయి ఉంటే ఈలోగా సాగనంపెయ్యండి.

చిత్తగించవలెను,
తమ అటాచ్‌దారుడు