సమానత్వం మా సబ్‌డివిజన్ గేటు దాకా

అమెరికా పబ్లిక్ స్కూళ్ళలో జాతుల సమానత్వం కోసం మన తెలుగువాళ్ళు పడుతున్న శ్రమను ఇంతవరకూ ఎవరూ సరిగ్గా గుర్తించలేదు. స్కూల్లో దేశానికో టేబుల్ పెట్టే ఇంటర్నేషనల్ నైట్ వస్తోందంటే చాలు, మా వాట్సాప్ గ్రూపుకి నిద్ర ఉండదు. ఇండియా టేబుల్ తలుపు పక్కనే ఉండాలి. చైనా వాళ్ళ పక్కన మాత్రం వద్దు, వాళ్ళు డంప్లింగ్స్ పెడితే మన సమోసాల మొహం ఎవరు చూస్తారు? థర్మోకోల్ తాజ్‌మహల్ ఎవరి గరాజ్‌లో ఉందో వెతకాలి. ఏటా అదే తాజ్‌మహల్, విరిగిన మినార్‌కి సెలోటేపు. గోంగూర పచ్చడి కూడా పెడదామన్న పెద్దాయన్ని "అంకుల్, అమెరికన్స్ వస్తారు" అని కూర్చోబెట్టేశారు.

ప్రిన్సిపాల్ వచ్చాడు. రెండు చేతులూ జోడించి నమస్తే అన్నాడు. మిరపకాయ బజ్జీ కొరికాడు. మొహం కందగడ్డలా అయిపోయింది, కళ్ళల్లో నీళ్ళు, అయినా "అమేజింగ్" అన్నాడు. ఆ ఫొటో కింద "ఇన్‌క్లూజన్ అంటే ఇదీ!" అని ఒక అన్నయ్య రాశాడు. దండాల ఎమోజీలు తెల్లవార్లూ పడుతూనే ఉన్నాయి.

తర్వాత దీపావళి సెలవు. న్యూయార్క్ నగరం స్కూళ్ళకి 2023లో చట్టం చేసి మరీ ఇచ్చారు కదా, మనకెందుకు ఇవ్వరు? పిటిషన్ తయారైంది. ప్రతి బిడ్డా తన సంస్కృతిని బడిలో చూసుకోగలగాలి అని రాశారు. న్యాయమైన మాటే, నేనూ సంతకం పెట్టాను.

ఆ పిటిషన్ ఇంకా తిరుగుతుండగానే స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్ళు ఏ వీధి పిల్లలు ఏ బడికి వెళ్ళాలో చెప్పే కొత్త బౌండరీ మ్యాపు వదిలారు. మా స్కూల్లో పిల్లలు పట్టడం లేదట, మా సబ్‌డివిజన్‌లో, అంటే మా ఇళ్ళ కాలనీలో, రెండు వీధుల్ని హైవే అవతలి స్కూలుకి మారుస్తారట. అక్కడ నల్లజాతి పిల్లలు, మెక్సికన్ పిల్లలు ఎక్కువ. ఆ మాట మాత్రం ఎవరూ అనలేదు, పెద్దమనుషులం కదా. "క్రౌడ్ ఎలా ఉంటుందో" అన్నారు. "స్కూలు రేటింగ్ పదికి నాలుగేనట" అన్నారు. "పాపం, పిల్లలకి బస్సు దూరం" అన్నారు. కరివేపాకు కోసం వారం వారం అంతకు మూడింతలు డ్రైవ్ చేస్తున్నాం, అది దూరం కాదు. డిస్ట్రిక్ట్‌కి పంపడానికి చాట్‌జీపీటీ రాసిచ్చిన ఉత్తరంలో మొదటి వాక్యం "వైవిధ్యం మాకు ప్రాణం". రెండోది "అయితే"తో మొదలైంది. మూడో వాక్యానికల్లా ఇళ్ళ ధరల దగ్గరికి వచ్చేశారు.

ఆ నాలుగు రేటింగ్ ఆకాశంలోంచి ఊడిపడిందా? 1930లలో ఫెడరల్ సంస్థే నల్లజాతి పేటలకి ఎర్రరంగు పూసి, ఇక్కడ అప్పులివ్వడం ప్రమాదమని మ్యాపులు గీసింది. ఇక్కడి బడి డబ్బులో పెద్ద వాటా ఇంటి పన్నుల నుంచే వస్తుంది. ఇళ్ళకి విలువ లేని చోట బడికి డబ్బెక్కడిది? ఇదేం న్యాయమని శాన్ ఆంటోనియోలో మెక్సికన్ అమెరికన్ తల్లిదండ్రులు సుప్రీం కోర్టు దాకా వెళ్తే, 1973లో అయిదుగురు జడ్జీలు ఒకవైపు, నలుగురు ఒకవైపు నిలబడి, రాజ్యాంగం అడ్డు చెప్పదని తేల్చారు.

మన సంగతి? మీరు తెల్లవాళ్ళు కాదు, పౌరసత్వం లేదు పొమ్మని 1923లో పంజాబ్ నుంచి వచ్చిన భగత్ సింగ్ థిండ్ కేసులో ఇదే కోర్టు మనవాళ్ళని గెంటేసింది. ఆ తలుపులు మన ఐఐటీ ర్యాంకులు చూసి తెరుచుకోలేదు. 1957లో లిటిల్ రాక్‌లో తొమ్మిది మంది నల్లజాతి పిల్లలు సైనికుల మధ్య తెల్లవాళ్ళ బడికి నడిచారు. 1960లో ఆరేళ్ళ నల్లజాతి పాప రూబీ బ్రిడ్జెస్ ఫెడరల్ మార్షల్స్ కాపలాలో తెల్లవాళ్ళ బడికి, పెద్దవాళ్ళ బూతులు వింటూ నడిచింది. వాళ్ళ పోరాటానికి 1964లో పౌర హక్కుల చట్టం వచ్చింది, ఆ ఊపులోనే 1965లో వలస చట్టం మారింది, మనం దిగాం. దెబ్బలు వాళ్ళు తిన్నారు, వీసాలు మనం తీసుకున్నాం. ఇప్పుడు వాళ్ళ మనవల పక్కన మన పిల్లాడు కూర్చుంటే ఇంటి ధర పడిపోతుందా? సిగ్గుండాలి. ఆ పేట పిల్లలతో ఆడొద్దని ఊళ్ళో నేర్పిన బుద్ధిని ఆవకాయ జాడీతో పాటు ప్యాక్ చేసుకుని తెచ్చుకున్నాం, కస్టమ్స్ వాళ్ళు కూడా ఆపలేదు.

ఫిబ్రవరి వచ్చింది, బ్లాక్ హిస్టరీ మంత్. చాట్‌జీపీటీ చేత ఆ ఉత్తరం రాయించినావిడే, బస్సులో తెల్లవాళ్ళకి సీటు వదలనన్న రోజా పార్క్స్ వేషం కోసం కళ్ళజోడుకి అమెజాన్ లింక్ ఎవరి దగ్గరైనా ఉందా అని గ్రూపులో అడిగింది. రెండో తరగతి పాప స్పీచ్ మొత్తం బట్టీ పట్టేసిందట, ఒక్క యాక్సెంటే కుదరాలి. బౌండరీ మీటింగూ ఆ గురువారమే. మైకు దగ్గర ఒక్కొక్కరికి రెండు నిమిషాలే ఇస్తారు కాబట్టి, పాపని స్కూల్లో దింపేసి తిన్నగా అటే వచ్చేయమన్నారు.