ఇరవై అడుగుల బ్యానరు, పదడుగుల సందు

రాజమండ్రిలో వారసత్వ నడక పెట్టడమంటే ఆషామాషీ వ్యవహారం అనుకునేరు. దానికో శాస్త్రముంది. ముందుగా ఫ్లెక్సీ కొట్టించాలి: ఇరవై అడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు, రెండు చివర్లా వెదురు బొంగులు. కుడి పక్క ముఖ్య అతిథి, ఎడమ పక్క అంతకన్నా ముఖ్య అతిథి, కింద వరసలో టోపీలిచ్చిన దాతలు. ఇంకా జానెడు జాగా మిగిలితే అందులో ఊరు. ఊరంటే వంతెనే. అదీ 56 స్పానుల హేవలాక్ వంతెన కాదు, దానికి బదులుగా కట్టిన ఆర్చీల వంతెన. పాత వంతెనకి ఆర్చీలు లేవాయె, ఫ్లెక్సీలో పండదు. వారసత్వం కూడా కాస్త ఫొటోజెనిక్‌గా ఉండాలి కదండీ.

తర్వాత ముహూర్తం. తెల్లారి ఆరు గంటలకి. ఎండెక్కితే గోదావరి గట్టు మీద మనిషి నిలవలేడు కనుక దీన్ని తప్పుపట్టలేం. కాకపోతే రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం, దామెర్ల రామారావు చిత్రశాల పదింటి తర్వాతగానీ తెరవరు. అందువల్ల ఈ నడకలో ప్రధాన దర్శనీయం తాళం. 1897లో పుట్టి 1925లోనే పోయిన మహా చిత్రకారుడి గురించి మూసిన తలుపు ముందు నిమిషంన్నర చెబుతారు. జనం తలలూపి తాళాన్ని ఫొటో తీసుకుంటారు. ముందుగా ఒక ఉత్తరం రాసి, ఆ ఒక్క రోజుకి తలుపు పెందలాడే తీయించండని అడగొచ్చు. లేదా ఆరింటికి రేవులూ గుళ్లూ వీధులూ చూపించి, మధ్యలో ఇడ్లీ తిననిచ్చి, పదిన్నరకి మళ్లీ గుమిగూడమనొచ్చు. కానీ పదిన్నర దాకా ముఖ్య అతిథి ఉండరు. ముఖ్య అతిథి లేని చరిత్ర ఎవడిక్కావాలి?

ఇక అసలు ఘట్టం. కోటగుమ్మం దగ్గర జెండా ఊపగానే బ్యానరు కదులుతుంది. పట్టుకోవడానికి పన్నెండుమంది కావాలి. ఆ పన్నెండుమందీ ముందు వరసలో పడాలి కనుక వాళ్ల వెనక నడిచేవాళ్లకి ఊరు కనపడదు, ఫ్లెక్సీ వీపు కనపడుతుంది. మెయిన్ రోడ్డు మీద ఇది బాగానే సాగుతుంది. పాత వీధిలోకి మళ్లేసరికి వస్తుంది చిక్కు: సందు పదడుగులు, బ్యానరు ఇరవై. నిలువుగా తిప్పితే కరెంటు తీగలు. ఏటవాలుగా పడితే ఎడమ పక్కాయన మురిక్కాలవలో. చివరికి మధ్యకి మడుస్తారు. మడత సరిగ్గా ముఖ్య అతిథి ముక్కు మీద పడుతుంది. నిర్వాహకుడికి చెమటలు. "ఇటు కాదు బావా, అటు మడు, అటు దాతలున్నారు!" అటు మడిస్తే దాతలు మాయం. ఈలోగా ఎదురుగా కూరల బండి. బండివాడు వెనక్కి పోడు, వాడి వెనక స్కూలు ఆటో ఉంది. బ్యానరు వెనక్కి పోదు, దాని వెనక ప్రజాసమూహం ఉంది. అరుగు మీద కూర్చున్న మామ్మగారు ఇదంతా చూసి అడుగుతుంది:

"ఏ పార్టీ బాబూ?"

"పార్టీ కాదు మామ్మగారూ, హెరిటేజ్."

"అలాగా. గుర్తేంటీ?"

మొత్తం నడకలో వచ్చిన తెలివైన ప్రశ్న అదొక్కటే. జవాబు చెప్పేవాడు లేడు. చెప్పాల్సినవాడు మైకులో, రాజరాజ నరేంద్రుడి దగ్గర ఎత్తుకుని, నన్నయని మీదుగా తీసుకెళ్లి, ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన 1852 దాకా ఎనిమిది వందల ఏళ్లని ఒక్క గుక్కలో దాటించే పనిలో ఉన్నాడు. మైకు బ్యాటరీ అయిపోతే కాటన్ దొర సగంలోనే ఆగిపోతాడు.

కందుకూరి వీరేశలింగం గారింటి దగ్గర మాత్రం అందరూ నిలబడతారు. గ్రూపు ఫొటోకి. 1881 డిసెంబరు 11న ఈ ఊళ్లో వితంతువుకి మళ్లీ పెళ్లి చేశాడాయన. బంధువులు వెలేస్తామన్నా, ఊరు ఊరంతా తిట్టినా, పోలీసు కాపలా పెట్టుకుని చేశాడు. ఆ మాట గట్టిగా చెప్పండ్రా. ఆ నడకలో పిల్లలున్నారు. ఇప్పటికీ ఇళ్లలో పేరంటానికి ఎవర్ని పిలవరో ఎరిగిన పిల్లలు. వాళ్లకి "సంఘసంస్కర్త" అని ఒక్క ముక్క పడేసి, "అందరూ ఇటు చూడండి, స్మైల్" అంటారా?

ఈ నడకదారులకి చేసే సింగారం ఇంకో కథ. పాత ఊళ్లో ఇళ్ల గోడలు ఇటుకా సున్నంతో కట్టినవి. గోదావరి పక్కన నేల తేమ గోడలోకి ఎక్కుతూనే ఉంటుంది. సున్నం ఆ తేమని బయటికి వదిలేస్తుంది, గోడ ఆరుతుంది. మనవాళ్లు చేసేదేమిటంటే, పెచ్చులూడిన చోట సిమెంటు పూసి, పైన ఎనామెల్ పెయింటు కొట్టడం. తేమకి దారి మూసుకుపోతుంది. మూసేసిన చోట నించి ఇంకో రెండు మూడడుగులు పైకి పాకుతుంది. దాంతోపాటు వచ్చిన ఉప్పు లోపలే పేరుకుని ఇటుకని పిండి చేస్తుంది. బయటికి నున్నగా, లోపల గుల్ల. ఏ రోజో వానకి ఆ సిమెంటు పలక పలకంతా ఊడి పడుతుంది, ఇటుక ముఖాన్ని కూడా పట్టుకుని మరీ.

వైద్యం తెలియక కాదు. సున్నం నీళ్లలో వారాల తరబడి నానాలి. ఒక పాలు సున్నానికి మూడు పాళ్ల ఇసక వేసి గానుగ పట్టాలి. తాతలు కరక్కాయ నానబెట్టిన నీళ్లూ బెల్లప్పానకమూ కూడా కలిపేవారు. పల్చగా ఒక పూత, అది ఆరాక ఇంకోటి, మధ్యలో తడుపుతూ ఉండాలి. తొందరపడితే బీటలు. మేస్త్రీకి ఓపిక కావాలి, చేయించేవాడికి సిగ్గు కావాలి. బిల్లేమో మార్చి 31 లోపల కావాలి. అందుకని సిమెంటు. నాలుగు వందల బస్తాలు చాలవు, ఇంకో వంద తెప్పించి మరీ పూస్తారు, పూసినవాడు గోడని చంపాడని ఎవడూ కేసు పెట్టడు!

చంపాక దానిమీద బొమ్మ. 2027 పుష్కరాలు వస్తున్నాయి కదా, ఊరు అందంగా కనపడాలి. తాటాకు మీద రాస్తున్న నన్నయగారు, పక్కన పడవ, వెనక సూర్యోదయం. తేమ కింద నించి ఎక్కుతుంది కనుక రంగు కూడా కింద నించే పొక్కులొస్తుంది. మొదటి వానాకాలానికి నన్నయగారి పాదాలు పోతాయి. రెండోదానికి పీట. మూడో ఏడు తాటాకు దాకా వస్తుంది. అప్పుడు బొమ్మ మరమ్మతుకి టెండరు పిలుస్తారు. మరమ్మతు ఎలా చేయాలో అందులోనే ఉంటుంది: పాడైన భాగం చెక్కేసి, సిమెంటు పూసి, రెండు పూతలు పెయింటు.