ఇంటర్వ్యూ దాకా వెళ్లని గోదావరి రెజ్యూమెలు

సంక్రాంతికి ఊరొచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు తమ పిల్లల రెజ్యూమె తెచ్చి చూడమంటారు. ఫైనాన్స్‌లో పనిచేస్తానని ఊళ్లో అందరికీ తెలుసు. ఈసారి అమలాపురం దగ్గరి పల్లె నుంచి ఒకమ్మాయి వచ్చింది. బీకాంలో 91 శాతం. సీఏ ఇంటర్ రెండు గ్రూపులూ మొదటిసారే పాసైంది. రాజమండ్రిలో ఆర్టికల్‌షిప్, అంటే ఆడిటర్ దగ్గర చేసే సీఏ శిక్షణ, కూడా పూర్తి చేసింది. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకుల్లో ఎనలిస్ట్ ఉద్యోగాలకు నలభై అప్లికేషన్లు పెడితే ఒక్క కాల్ కూడా రాలేదట. ‘నాకేం తక్కువైందండీ?’ అని అడిగింది.

తెలివి తక్కువ కాలేదు. అసలు ఆ తెలివిని ఎవరూ పరీక్షించనే లేదు.

ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంక్ అంటే మనం డబ్బు దాచుకునే బ్యాంకు కాదు. కంపెనీల షేర్లను మొదటిసారి జనానికి అమ్మే ఐపీఓకి తేవడం, ఒక కంపెనీ ఇంకో కంపెనీని కొంటుంటే విలువ కట్టడం, పెట్టుబడి తెచ్చిపెట్టడం దాని పని. మన దేశంలో ఈ పని ఎక్కువగా ముంబైలోనే జరుగుతుంది, అదీ చిన్న చిన్న టీములతో. అదే బ్యాంకుల పేర్లు హైదరాబాద్ భవనాల మీద కనిపిస్తాయి కానీ, అక్కడ ఎక్కువగా ఉండేది టెక్నాలజీ, రిస్క్, ఆపరేషన్స్ పని. మంచి ఉద్యోగాలే, కానీ అక్కడి నుంచి ఈ కొనుగోళ్లు, ఐపీఓలు చూసే డీల్ టీములోకి మారడం తేలిక కాదు. ఇక పోటీ సంగతి. 2024లో గోల్డ్‌మాన్ శాక్స్ ఇంటర్న్‌షిప్‌లకు ప్రపంచవ్యాప్తంగా 3 లక్షలకు పైగా దరఖాస్తులు వస్తే, నూటికి ఒక్కరికి కూడా చోటు దక్కలేదు.

అన్ని రెజ్యూమెలు ఎవరూ కూర్చుని చదవరు. అందుకే ముందు కాలేజీ పేరు చూస్తారు. కొన్ని ఐఐఎంలు, ఐఐటీలు, ఢిల్లీ కామర్స్ కాలేజీలకు బ్యాంకులే వెళ్తాయి. మిగతావాళ్లు వెబ్‌సైట్‌లో అప్లై చేసి ఎదురుచూడాలి. ఇది ప్రతిభను కొలవడం కాదు, చదివే శ్రమ తగ్గించుకోవడం. ఇందులో బ్యాంకుల తప్పు ఉందనే నేనంటాను.

అంతకన్నా పెద్ద దెబ్బ టైమింగ్‌ది. ఐఐఎంలో జూన్, జూలైల్లో చేరిన విద్యార్థికి అక్టోబరు, నవంబరుకల్లా సమ్మర్ ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలు అయిపోతాయి. అందులో బాగా చేసినవాళ్లకు చదువు పూర్తికాకముందే ఉద్యోగం ఖాయమవుతుంది. మన పిల్లలు రిజల్ట్స్ వచ్చాక అప్లై చేయడం మొదలుపెడతారు. కాలువలు కట్టేశాక నారుమడి దున్నినట్టు ఉంటుంది వాళ్ల పరిస్థితి. ఈ క్యాలెండర్ ఒకటుందని మొదటి ఏడాదిలోనే చెప్పే మనిషి మన డిగ్రీ కాలేజీల్లో ఎంతమంది ఉన్నారు? ప్లేస్‌మెంట్ సెల్ దృష్టంతా ఒకే కంపెనీ ఎంతమందిని తీసుకుందన్న లెక్క మీదే ఉంటుంది. ఆర్టికల్‌షిప్ విషయంలోనూ అంతే. ఇంటికి దగ్గరని చేరితే జీఎస్టీ రిటర్నులు, టాక్స్ ఆడిట్లతో కాలం గడిచిపోతుంది. వాల్యుయేషన్ (కంపెనీకి విలువ కట్టడం), డ్యూ డిలిజెన్స్ (కొనేముందు కంపెనీ లెక్కలన్నీ తరచి చూడటం) చేతికి తగిలేది పెద్ద నగరాల్లోని సంస్థల్లో. ఆ తేడా చేరేముందు తెలియాలి.

ఇక ఆ అమ్మాయి రెజ్యూమె. మొదట ‘పేరున్న సంస్థలో పనిచేయాలన్నది నా లక్ష్యం’. తర్వాత తండ్రి పేరు, పుట్టిన తేదీ, టెన్త్ నుంచి మార్కులు, హాబీలు, చివర ‘పై వివరాలన్నీ నిజం’ అని సంతకం. రెండు పేజీలు చదివినా మనిషి కనబడలేదు.

మాటల్లో తెలిసింది, వాళ్ల నాన్నగారు నాలుగెకరాల రొయ్యల చెరువు లీజుకు చేస్తున్నారని. ఇంటర్మీడియట్ నుంచీ ఆ లెక్కలు ఈ అమ్మాయే చూస్తోంది. కిలోకు 100 రొయ్యలు తూగితే 100 కౌంట్. రొయ్య పెరిగి కౌంట్ దిగేకొద్దీ రేటు ఎక్కుతుంది. కానీ ఆగిన ప్రతిరోజూ మేత ఖర్చు, నీటికి గాలి అందించే ఏరియేటర్ల కరెంటు ఖర్చు, చెరువును ఊడ్చేసే వైట్ స్పాట్ వైరస్ వస్తుందేమోనన్న భయం. 2025 ఆగస్టులో మన సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి పెరిగి రేట్లు పడిపోయినప్పుడు, మేత బాకీ, లీజు వాయిదా లెక్కేసి, సగం ఇప్పుడే పట్టేద్దామని నాన్నగారికి చెప్పిందట. నోట్‌బుక్ చూపించింది. కౌంట్‌కో వరస, వారానికో గడి. క్యాష్ ఫ్లో, రిస్క్, ఎప్పుడు అమ్మాలన్న నిర్ణయం, అన్నీ ఆ గళ్లలో ఉన్నాయి. డీల్ టీములో కొత్తగా చేరిన ఎనలిస్ట్ చేసే పని కూడా ఇదే, కాకపోతే ఎక్సెల్‌లో.

ఇది రెజ్యూమెలో ఎందుకు లేదని అడిగాను. ‘ఇంట్లో పని కదండీ, అది కూడా రాస్తారా?’ అంది. నాకు నిజంగా బాధేసింది. మార్కులు తప్ప తన దగ్గర చూపించుకునేదేమీ లేదని ఇన్నేళ్ల చదువు ఆ పిల్లకు నేర్పింది.

ఇంకో అడ్డంకి మొహమాటం. ముంబైలోనో ఢిల్లీలోనో చదివిన పిల్లలు సీనియర్లకు మెయిల్ పెట్టి పావుగంట మాట్లాడమని అడుగుతారు. రెజ్యూమె ఒక మనిషి చేతికి చేరేది చాలాసార్లు ఆ దారినే. మనవాళ్లకు అది చేయి చాచినట్టు అనిపిస్తుంది. ఈ జిల్లాల నుంచి వెళ్లి ఫైనాన్స్‌లో స్థిరపడినవాళ్లు తమ కాలేజీకి ఏడాదికొకసారి వచ్చి, ఫస్టియర్ పిల్లలతో ఒక పూట కూర్చుంటే చాలావరకు ఆ బెరుకు పోతుంది.

ఆ అమ్మాయి రెజ్యూమె ఇప్పుడు ఒక్క పేజీ. చెరువు లెక్క పైనే ఉంది. కాకినాడ నుంచి 2017లో ఐపీఓకి వెళ్లిన రొయ్యల ఎగుమతి కంపెనీ ఏపెక్స్ ఫ్రోజెన్ ఫుడ్స్ ప్రాస్పెక్టస్, అంటే షేర్లు కొనేవాళ్ల కోసం కంపెనీ తన గురించి రాసే పత్రం, చదవమన్నాను. అందులో రిస్కుల గురించి రాసిన పేజీలు చాలామంది డిగ్రీ పిల్లలకన్నా తనకే బాగా అర్థమవుతాయి. పదకొండు మందికి మెయిల్ పెడితే ఒకరు జవాబిచ్చారు. ఆదివారం పావుగంట మాట్లాడతారట. ఏం అడగాలో రాసుకుని, నిన్న రాత్రి నాకు పంపింది. మొదటి ప్రశ్న కౌంట్ రేట్ల గురించే.