మట్టికో నమస్కారం

నల్లరేగడి మీద కూర్చుని మట్టితో పనేమిటని అడగగల ధైర్యం గుంటూరుకే ఉంది. బ్రాడీపేట, లక్ష్మీపురం అపార్ట్‌మెంట్లలో మొక్కలిప్పుడు మట్టి దిగి పైకొచ్చేశాయి. గాజు గ్లాసుల్లో, నీళ్ళు తాగి ఉబ్బే నీలం, గులాబీ రంగు జెల్లీ గోలీల మధ్య దర్జాగా నిలబడ్డాయి. కొందరు చాదస్తులు చూసి నవ్వుతున్నారు. వాళ్ళ కోసమే ఈ నాలుగు ముక్కలూ.

మట్టి ఎంత నీచమైన పదార్థమో ఆలోచించండి. తడిస్తే చెప్పులు వదలదు. ఎండితే నెర్రెలిస్తుంది. పైగా ఊరికే దొరుకుతుంది. కాదు, క్షమించాలి, అది పాత మాట. రాజధాని అమరావతి వచ్చాక ఈ ప్రాంతంలో మట్టిని గజాల లెక్కన చూస్తున్నాం. మూడు పంటలు పండే భూములతో సహా 33 వేల ఎకరాలకు పైగా రైతులు రాజధాని కోసం భూసమీకరణకి, అదే పూలింగ్‌కి, ఇచ్చారు. 2015 అక్టోబరు 22న శంకుస్థాపనకి ఊరూరి మట్టీ నీళ్ళూ మోసుకొచ్చారు. ప్రధాని అయితే పార్లమెంటు ఆవరణలోని మట్టీ, యమున నీళ్ళూ తెచ్చారు. ఈ గోలీల సంగతి అప్పుడెవరికీ తట్టలేదు గానీ, మట్టీ నీరూ రెండూ ఒక్క పొట్లంలో వచ్చేసేవి, ఖర్చూ కలిసొచ్చేది. ఇంత ధర పలికే సరుకుని కుండీలో పోసి మనీప్లాంట్‌కి అప్పజెప్పడం ఆస్తి విలువ తెలియనివాళ్ళు చేసే పని.

మా పక్క ఫ్లాటు పిన్నిగారికి తెలుసు. కడియం నర్సరీ మొక్క తెచ్చి, నల్ల కవరు చింపి, కుళాయి కింద పాత టూత్‌బ్రష్‌తో వేరు వేరూ తోమారు. మట్టి రేణువు మిగిలితే గ్లాసులో మురికి తేలుతుందట. ఆ మట్టంతా సింకులోకి పోయి అడ్డంపడితే ప్లంబరొచ్చి తీశాడు, అది వేరే పద్దు. గోలీలు చెంచాడు నానబెట్టమంటే ఆవిడ చెయ్యి పెద్దది, పొట్లం మొత్తం పోశారు. తెల్లారేసరికి బేసిన్ పొంగి గట్టెక్కాయి. మిగిలినవి ఫ్లాటు ఫ్లాటుకీ ప్రసాదంలా పంచారు. మా అపార్ట్‌మెంటులో ఉద్యమం వ్యాపించింది అలాగే.

ఇందులో మాయేం లేదు. ఇది పాలిమర్. పిల్లల డైపర్లో తడిని పట్టి ఉంచే సరుకుకి దాయాది. తన బరువుకి వందల రెట్లు నీళ్ళు తాగుతుంది. ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధనా సంస్థ ఇదే దారిలో పూసా హైడ్రోజెల్ తయారుచేసింది. ఎవరికోసం? వానమీద ఆధారపడ్డ రైతు కోసం, మట్టిలో కలపడానికి. మట్టిలో కలపడానికి! శాస్త్రవేత్తల ఊహ అక్కడితో ఆగిపోయింది. మట్టిని తీసేసి, రైతుని కూడా తీసేసి, మిగిలినదాన్ని టీవీ పక్కన పెట్టుకోవచ్చని కనిపెట్టింది మనమే.

వ్యవసాయశాఖలో చేసి రిటైరైన ఒక పెద్దాయన వాదనకి దిగారు. రేగడిలోని బంక కూడా నీళ్ళు తాగి ఉబ్బుతుందట, ఎండితే ముడుచుకుని పగుళ్ళిస్తుందట. నీటితోపాటు మొక్క తిండినీ పట్టి ఉంచుతుందట, పత్తీ మిరపా ఊరికే పండటం లేదట. అయి ఉండొచ్చు. కానీ నీలం రంగులో దొరుకుతుందా? ఆయన దగ్గర సమాధానం లేదు.

గోలీల్లో తిండి లేదన్నది నిజమే. మనీప్లాంటూ లక్కీ బాంబూ అర్ధాకలితో నెట్టుకొచ్చే రకాలు కాబట్టి కొన్నాళ్ళు బయటపడవు. తర్వాత ద్రవ ఎరువు పొయ్యాలి. ఎరువులో లవణాలుంటాయి, లవణాలు తగిలితే గోలీ కుంచించుకుపోతుంది. వేస్తే గోలీ చిక్కుతుంది, వెయ్యకపోతే మొక్క చిక్కుతుంది. బోరు నీళ్ళలోనూ లవణాలే, గోలీ సరిగ్గా ఉబ్బదు. అందుకని టిన్ను నీళ్ళు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దాటి 11 లక్షల క్యూసెక్కులకు పైగా కృష్ణ నీళ్ళు సముద్రంలోకి పోయాయి గానీ, మన గోలీకి ఆర్వో నీళ్ళే పడతాయి. అలవాట్లు యజమానివే కదా. ఇక కిటికీ దగ్గర పెడితే గ్లాసుకి నాచు, అడుగున నీళ్ళు నిలిస్తే గాలాడక వేళ్ళు కుళ్ళి కంపు. ఇవన్నీ చిల్లర అభ్యంతరాలు.

పిల్లల విషయంలో మాత్రం కొందరు తల్లులు మరీ కంగారుపడుతున్నారు. చిన్నికృష్ణుడు మన్ను తిన్నాడని యశోద నోరు తెరవమంటే పద్నాలుగు లోకాలూ కనిపించాయి. గోలీ మింగిన పిల్లాడి నోట్లో ఏమీ కనిపించదు. మామూలు ఎక్స్‌రేలోనూ కనిపించదు. లోపల తీరిగ్గా నీళ్ళు తాగి, ఉబ్బి, పేగుకి అడ్డంపడుతుంది. కొందరు పిల్లలకి ఆపరేషన్ చేసి తియ్యాల్సి వచ్చింది. వస్తువుల భద్రత చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ హెచ్చరికలు కూడా జారీ చేసింది. కాబట్టి పాకే పిల్లలున్న ఇంట్లో రెంటిలో ఒకటే ఉండాలి. గోలీలు రంగురంగులుగా ఉంటాయి, రాత్రిళ్ళు ఏడవవు. ఎంపిక మీ విజ్ఞతకే వదిలేస్తున్నా.

పిన్నిగారి మొక్క మొన్న పసుపెక్కి వాలిపోయింది. గోలీలు పారేద్దామని పొట్లం తిరగేసి చూస్తే వెనక చిన్న అక్షరాల్లో ఉంది: డ్రైనేజీలో వెయ్యరాదు, తోట మట్టిలో కలపవలెను. ఆవిడ కవరు పట్టుకుని కిందికి దిగారు. సెల్లార్‌లో టైల్స్, గేటు ముందు సిమెంటు రోడ్డు, రోడ్డుకి అటూ ఇటూ పేవర్ బ్లాకులు. మా అపార్ట్‌మెంటు మొత్తానికి మట్టి ఉన్నది వాచ్‌మన్ భార్య పెంచుకునే తులసి కుండీలో.

“మా తులసమ్మకి ఇయ్యన్నీ పడవండీ, మీరే ఉంచుకోండి” అందట ఆవిడ.